న్డ్లోవు ఇంటిపేరు: ఎలా రాయాలి, ఏమని పిలవాలి?

సందేహం: దక్షిణాఫ్రికా, జింబాబ్వే వార్తలు అనువదిస్తుంటే ఒక ఇంటిపేరు పదే పదే తగులుతోంది. ఒక పత్రికలో ‘ఎన్‌డ్లోవు’ అని ఉంటే, ఇంకో పత్రికలో ‘ఎండ్లోవు’ అని ఉంది. వెబ్‌సైట్లలో ‘ండ్లోవు’, ‘నడ్లోవు’ కూడా చూశాను. వీటిలో ఏది సరైనది? ఫుట్‌బాల్ ఆటగాడు పీటర్, రచయిత్రి సిఫివే, చరిత్రకారుడు సబెలో, అందరూ ఈ పేరువాళ్లే. వీళ్లంతా ఒక ఇంటివాళ్లా? అసలు దీన్ని ఇంటిపేరు అనొచ్చా? ఆ మాటకు ఏనుగు అని అర్థమట. అలాంటప్పుడు ‘ఏనుగు పీటర్’ అని రాస్తే తప్పేమిటని మా ఆఫీసులో ఒకాయన వాదిస్తున్నారు. కాస్త తేల్చి చెప్పండి.

సమాధానం: ముందు రాత సంగతి చూద్దాం. ‘న్డ్లోవు’ అని రాయండి. ఫాంటు మొరాయిస్తే పొల్లు విడిగా వేసి ‘న్‌డ్లోవు’ అనండి. రెండూ ఒకటే.

‘ఎన్‌డ్లోవు’లోని ఎకారం అసలు మాటలో లేదు. ఇంగ్లీషు స్పెల్లింగులో మొదటి అక్షరం పేరు ‘ఎన్’ కాబట్టి, ఆ పేరునే ఉచ్చారణ అనుకుని చదివేశాం. ఎం.ఎల్.ఏ. అన్నట్టు అక్షరం పేరు పలికామన్నమాట. క్వామే ఎన్‌క్రుమా, తాబో ఎంబెకి, జాషువా ఎన్‌కోమో, మన క్రికెట్ అభిమానులకు బాగా తెలిసిన ఎన్తిని, ఎన్గిడి, అందరికీ ఈ ఎకారం ఇలాగే అంటుకుంది. అక్కడివాళ్లు ఆ నకారాన్ని విడిగా పలకరు. నాలుక పైపళ్ల వెనక ఆనించి, ముక్కులోంచి క్షణం పాటు ‘న్’ అని, అదే ఊపులో తర్వాతి హల్లులోకి దిగిపోతారు.

‘ండ్లోవు’ అసలే కుదరదు. సున్న దాని ముందున్న అచ్చును పట్టుకుని నిలబడేది. పదం మొదట అచ్చే లేనప్పుడు సున్నకు చోటేది? ఇక ‘నడ్లోవు’ లేని అకారాన్ని తెచ్చిపెట్టిన రూపం.

తెలుగు మాట ‘న్డ్’తో మొదలవుతుందా అని మీరు అడగవచ్చు. మన సొంత మాటల్లో అలాంటివి లేవు. ‘మ్రాను’, ‘మ్రొక్కు’ లాంటి పాత మాటల్లో అనునాసికం తర్వాత ఉన్నది రకారమే. సంస్కృతం నుంచి వచ్చిన న్యాయం, న్యూనత, మ్లానం, మ్లేచ్ఛుడు ఉన్నాయి గాని, వాటిలో అనునాసికం తర్వాత వచ్చేవి యకార లకారాలే. కాబట్టి ఇది మనకు కొత్త కూడికే. కానీ ఒక హల్లు కింద రెండు వత్తులున్న గుత్తి పదం మొదట రావడం మనకు కొత్త కాదు. చిన్న పిల్లలు కూడా ‘స్త్రీ’ అని చదువుతున్నారు. ‘న్డ్లో’ కూడా అలా కంటికి అలవాటు కావలసిందే.

ఇందులో ఒక తమాషా ఉంది. మన పల్లెల్లో ‘స్కూలు’ను ‘ఇస్కూలు’ అంటారు. పదం మొదట జంట హల్లు వస్తే నోరు తిరగక ముందు ఒక ఇకారం చేర్చుకుంటాం. ఆ లెక్కన ఎవరైనా ఈ పేరును ‘ఇండ్లోవు’ అని పలికారనుకోండి, తెలియకుండానే అసలు మాటకు దగ్గరగా వెళ్లినట్టే. దక్షిణాఫ్రికాలోని జులూ భాషలో, జింబాబ్వేలోని ఎండెబెలే భాషలో ఏనుగును ‘ఇన్‌డ్లోవు’ అనే అంటారు. పేరుగా వాడేటప్పుడు ఆ మొదటి ఇకారం రాలిపోతుంది. ఆవును ఇన్‌కోమో అంటారు, ఇంటిపేరు న్కోమో. మొసలి ఇంగ్వేన్య, ఇంటిపేరు న్గ్వేన్య. ఎన్ అనే ఇంగ్లీషు అక్షరం కంటే మన ఇస్కూలు ఇకారమే నయం. అయినా రాతలో అదీ వద్దు, పేరుకు పేరే రాద్దాం.

(పైన భాషను మాత్రం ఎండెబెలే అనే రాశాను. ఎంబెకి, ఎన్‌క్రుమా, ఎండెబెలే లాంటివి దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయాయి. వాటిని ఇప్పుడు మారిస్తే పాఠకుడు వేరే మనిషి అనుకుంటాడు. కొత్తగా రాసే పేర్ల దగ్గర జాగ్రత్తపడితే చాలు.)

‘డ్ల’ అని మనం రాస్తున్నది అక్కడ ఒకే ధ్వని. నాలుక కొన పళ్ల వెనక ఆనించి ఉంచి, గాలిని నాలుక రెండు పక్కల నుంచి ఒరుసుకుంటూ వదలాలి. దానికి మన దగ్గర అక్షరం లేదు. ‘ద్ల’ అన్నా ‘డ్ల’ అన్నా ఉజ్జాయింపే. ఇంగ్లీషు డి ని మనం డకారంతోనే రాస్తున్నాం కాబట్టి డ్ల ఉండనివ్వండి. తర్వాతి ఓకారానికి మాత్రం దీర్ఘం తప్పనిసరి. ఈ భాషల్లో మాట చివరి నుంచి రెండో అచ్చును సాగదీసి పలుకుతారు. అందుకే న్డ్లోవు, ఖుమాలో, సిబాండ. దీర్ఘం ఎక్కడ వేయాలో తేలనప్పుడు ఈ సూత్రం బాగా అక్కరకొస్తుంది.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఈ భాషల్లో పీ హెచ్, టీ హెచ్, కే హెచ్ అని స్పెల్లింగు ఉన్నచోట పలికేవి మన ఒత్తక్షరాలే. ఇంగ్లీషువాడికి అవి విడిగా లేవు, మనకున్నాయి. ఖుమాలోలో ఉన్నది అచ్చమైన ఖకారం. సిఫివేలో ఉన్నది ‘ఫలం’లోని ఫకారం. ‘ఫ్యాను’లోది కాదు. టీ ఎస్ హెచ్ కలిసి వస్తే చకారం పలకాలి. 2010 ప్రపంచకప్‌లో మొదటి గోల్ కొట్టిన దక్షిణాఫ్రికా ఆటగాడి ఇంటిపేరు ‘చబలాల’. మనవాళ్లు ఆ మూడక్షరాలనూ విడదీసి ‘ట్షబలాల’ అని రాసి పాఠకుల నాలుకలు మెలిపెట్టారు.

ఇక బంధుత్వం సంగతి. మీరు చెప్పిన ముగ్గురికీ బంధుత్వం ఉన్నట్టు నాకు తెలిసి ఎక్కడా లేదు. పీటర్ న్డ్లోవుకు మాత్రం అదే పేరుతో ప్రసిద్ధులైన ఇద్దరు సొంత అన్నదమ్ములున్నారు. ఆడమ్, మదిండా ఇద్దరూ జింబాబ్వే ఫుట్‌బాల్‌లో పేరున్నవాళ్లే. బులవాయోలోని హైలాండర్స్ క్లబ్బు నుంచి 1991లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ సిటీకి వెళ్లిన పీటర్, 1995 మార్చిలో లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో హ్యాట్రిక్ కొట్టాడు. అంతకుముందు మూడు దశాబ్దాలకు పైగా బయటి జట్టువాళ్లెవరూ అక్కడ ఆ పని చేయలేదు. జింబాబ్వే తొలిసారి ఆఫ్రికా కప్పుకు అర్హత సాధించినప్పుడు, 2004లో, కెప్టెన్ అతనే. ఆడమ్ 2012 డిసెంబరులో విక్టోరియా జలపాతం దగ్గర జరిగిన కారు ప్రమాదంలో చనిపోయాడు. అదే కారులో ఉన్న పీటర్ తీవ్ర గాయాలతో బయటపడ్డాడు. ఆ వార్తను ‘న్డ్లోవు మృతి, న్డ్లోవుకు గాయాలు’ అని రాస్తే చదివేవాడికి ఏం అర్థమవుతుంది? ఇంటిపేరుతో మనిషిని సూచించడం ఇంగ్లీషు పత్రికల పద్ధతి. మన పద్ధతి పేరుతో పిలవడం. ఒకే వార్తలో ఇద్దరు న్డ్లోవులు తగిలితే మొహమాటపడకుండా పీటర్, ఆడమ్ అనే రాయండి. ఇద్దరినీ కలిపి ‘న్డ్లోవు సోదరులు’ అనొచ్చు. ఉకారాంతం కాబట్టి విభక్తులతో ఇబ్బంది లేదు. న్డ్లోవుకు, న్డ్లోవుతో, న్డ్లోవులు, అన్నీ హాయిగా కుదురుతాయి.

సిఫివే గ్లోరియా న్డ్లోవు బులవాయోలో పుట్టిన నవలా రచయిత్రి. తొలి నవలకు 2019లో దక్షిణాఫ్రికాలో బ్యారీ రోంగ్ బహుమతి వచ్చింది. 2022లో మొత్తం రచనలకు గాను అమెరికాలో విండమ్-క్యాంప్‌బెల్ బహుమతి వచ్చింది. మూడో ఆయన సబెలో న్డ్లోవు-గచేని. వలస పాలన వదిలిపోయినా దాని ఆలోచనా పద్ధతులు ఎలా వదలలేదో రాసిన చరిత్రకారుడు. ఈయన పేరు చివరి ‘గచేని’ రెండో ఇంటిపేరనుకునేరు. అది న్డ్లోవు వంశానికి ఉన్న పొగడ్త పేరు. ఆ వంశపు మనిషిని మర్యాదగా పలకరించాలంటే ‘గచేని’ అంటారు. ఇంకా ఆప్యాయంగా ‘బోయ బెన్యాతి’ అనీ అంటారు. అంటే అడవిదున్న వెంట్రుక అని.

ఇక్కడే మీ మూడో ప్రశ్నకు జవాబు ఉంది. జులూలో ఇంటిపేరును ‘ఇసిబోంగో’ అంటారు. దాని బహువచనం ‘ఇజిబోంగో’కు ఇంటిపేర్లని ఒక అర్థం, స్తుతి పద్యాలని ఇంకో అర్థం. పొగడడం అనే ధాతువు నుంచి పుట్టిన మాట. మన ఇంటిపేరు ఎక్కువగా ఊరినో వృత్తినో చెబుతుంది. వాళ్లది వంశాన్ని చెబుతుంది. పైగా ఒకే ఇసిబోంగో ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదు. చివరన ఉండే చోటును బట్టి చూస్తే అది ఇంటిపేరు, చేసే పనిని బట్టి చూస్తే గోత్రం. అనువాదంలో ‘ఇంటిపేరు’ అనే వాడండి. పెళ్లి ప్రస్తావన వచ్చినచోట మాత్రం ‘వంశం’ అంటే పాఠకుడికి విషయం అందుతుంది. ‘గోత్రం’ అంటే రుషులు గుర్తొస్తారు, అది వద్దు.

ఆడవాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. పెళ్లయ్యాక కాగితాల మీద భర్త ఇంటిపేరు వచ్చినా, పిలుపులో పుట్టింటి వంశమే నిలుస్తుంది. న్డ్లోవుల ఆడపడుచును ‘మన్‌డ్లోవు’ అంటారు. దక్షిణాఫ్రికా మాజీ అధ్యక్షుడు జాకబ్ జుమా పెద్ద భార్య సిజకేలే ఖుమాలోను దేశమంతా ‘మఖుమాలో’ అనే పిలిచింది. వార్తలో ‘మఖుమాలో’ కనబడితే అది ఆవిడ సొంత పేరు అనుకోకండి.

ఇదంతా విన్నాక న్డ్లోవులందరిదీ ఒకే వంశమని అనిపిస్తుంది. నిజానికి కాదు. జులూల ప్రాంతంలోని న్డ్లోవులు వేరు, జింబాబ్వేలో చాలామంది న్డ్లోవులు వేరు. షోనా, కలాంగ జనాల్లో ప్రతి వంశానికీ ఒక జంతువో, శరీర భాగమో గుర్తుగా ఉంటుంది. ఆ జంతువు మాంసం ఆ వంశంవాళ్లు తినరు. ఏనుగు గుర్తు ఉన్నవాళ్లు న్జోవు, జోవు. దక్షిణం నుంచి మ్జిలికాజి నాయకత్వంలో వచ్చిన ఎండెబెలేలు 1840 ప్రాంతంలో ఇప్పటి బులవాయో చుట్టూ రాజ్యం స్థాపించాక, అందులో కలిసిన స్థానికులు తమ వంశ గుర్తులను కొత్త రాజభాషలోకి మార్చుకున్నారు. అలా ఏనుగువాళ్లు న్డ్లోవులు, సింహంవాళ్లు సిబాండలు, కోతివాళ్లు న్చూబేలు అయ్యారు. తర్వాత తెల్లవాళ్ల పాలనలో గుర్తింపు కాగితాలు వచ్చి, చివరన ఒక ఇంటిపేరు ఉండి తీరాలన్నప్పుడు ఆ మాటలే ఖాయమయ్యాయి. వెండా భాషలో ఇదే ఏనుగు ‘న్డౌ’. 2007లో ప్రపంచ బాక్సింగ్ టైటిల్ గెలిచిన లవ్‌మోర్ న్డౌది ఆ ఇంటిపేరు. అతన్ని న్డ్లోవుగా దిద్దకండి. మన ‘ఏనుగు’, కన్నడ ‘ఆనె’ ఒక కుదురు మాటలైనట్టే అవీ ఒక కుదురువే, కానీ ఇంటిపేర్లుగా వేరువేరు.

పేరు మార్చుకోవడం అక్కడ ఎప్పుడూ సరదా వ్యవహారం కాదు. 1976 జూన్ 16న దక్షిణాఫ్రికాలోని సోవెటోలో బడిపిల్లల ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరిపారు. ఆ రోజు చనిపోయిన వాళ్లలో పదిహేనేళ్ల హేస్టింగ్స్ న్డ్లోవు ఒకడు. ప్రపంచానికి మాత్రం ఫోటోలో పడ్డ హెక్టర్ పీటర్సన్ పేరే తెలిసింది. ఆ పీటర్సన్ల అసలు ఇంటిపేరు పిత్సో. వర్ణవివక్ష పాలనలో నల్లవాళ్లకన్నా మిశ్రజాతి వాళ్లకు ఆంక్షలు కొంచెం తక్కువ కాబట్టి, అలా చలామణి కావచ్చునని ఆ కుటుంబం పేరు మార్చుకుంది.

మీ ఆఫీసాయన ‘ఏనుగు పీటర్’ సంగతి చివరికి ఉంచాను. ఆయన వాదనలో కొంత పస ఉంది. మనకూ ఏనుగు ఇంటిపేరు ఉంది. భర్తృహరి సుభాషితాలను తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి పేరు వినని వాళ్లుండరు. ఆ వంశం వాళ్లు మొదట పైడిపాటివారు, పూర్వీకుడికి ఏనుగు బహుమానంగా దక్కడంతో ఇంటిపేరు మారిందని చెబుతారు. ఎండెబెలే రాజ్యంలో కలిసినవాళ్లు కూడా పేర్లు అనువదించుకున్నారు కదా అనీ ఆయన అనవచ్చు. వాళ్లు తమ పేర్లు తాము మార్చుకున్నారు. పక్కవాడి పేరు మార్చే హక్కు అనువాదకుడికి లేదు. లక్ష్మణకవిని ఇంగ్లీషులో ‘ఎలిఫెంట్ లక్ష్మణ’ అంటే మనం ఊరుకుంటామా?

రెండు చిన్న జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. దక్షిణాఫ్రికాలో వెండా భాషలో నడిచిన టీవీ సీరియల్ ‘మువాంగో’ సృష్టికర్త పేరు ‘డూమా కా న్డ్లోవు’ అని కనిపిస్తుంది. ఆ ‘కా’ నడిమి పేరు కాదు, ఫలానావారి బిడ్డ అని చెప్పే ప్రత్యయం. జులూ రాజు షాకా పేరు పక్కన తండ్రి పేరుకు ముందు ఉండేదీ ఇదే. హిందీ ‘కా’తో దీనికి చుట్టరికం లేదు, పని మాత్రం దాదాపు అదే. ఇక 2019లో అమెరికా టీవీ పోటీలో ఫైనల్ దాకా వెళ్లిన ‘న్డ్లోవు యూత్ కాయిర్’ న్డ్లోవు అనే వ్యక్తి పెట్టిన బృందం కాదు. లింపోపో రాష్ట్రంలో అదే పేరుతో ఉన్న ఒక ఆరోగ్య సంస్థ నీడలో పుట్టింది. అక్కడ ‘న్డ్లోవుగారి బృందం’ అని రాయకండి.