తలుపు తీసేది అమ్మే

రక్తపిశాచులు లోకాన్ని ముంచేసే కథల్లో తల్లిదండ్రుల మీద వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. కొన్ని నవలల, సినిమాల ముగింపులు ఇందులో బయటపడతాయి, చదవనివాళ్లు, చూడనివాళ్లు జాగ్రత్త.

ప్రశ్న: జాంబీ కథల్లోనూ లోకం అంతమవుతుంది. వాంపైర్ కథల్లోనే అమ్మానాన్నల గోల ఎక్కువెందుకు? సెంటిమెంట్ కోసం అతికించారా?
– పాఠకుడు, గుంటూరు

జవాబు: అతికించింది కాదండీ. ఎదురుగా ఉన్నదెవరో జాంబీకి తెలియదు, వాంపైర్‌కి తెలుసు. మొహం అదే, గొంతు అదే, ఇంటి దారి కూడా గుర్తుంటుంది. గిలెర్మో డెల్ టోరో, చక్ హోగన్ కలిసి రాసిన ‘ది స్ట్రెయిన్’ (2009)లో దీన్ని రోగలక్షణంగానే మార్చేశారు. సోకినవాళ్లు ముందు తమకు ప్రాణమైన వాళ్ల దగ్గరికే వెళతారు. అందుకే కెల్లీ పిశాచిగా మారాక కొడుకు జాక్‌ని వెంటాడుతూనే ఉంటుంది. రిచర్డ్ మాథెసన్ ‘ఐ యామ్ లెజెండ్’ (1954)లో అంటురోగంతో పోయినవాళ్ల శవాలను కాల్చి తీరాలన్నది చట్టం. కూతురి శవాన్ని మంటల గుంటకు వదులుకున్న కథానాయకుడు నెవిల్, భార్యను మాత్రం దొంగచాటుగా పూడ్చిపెడతాడు. ఆమె తిరిగొస్తుంది.

నా దృష్టిలో వీటన్నిటికన్నా గొప్ప ఘట్టం ‘డ్రాకులా’ (1897)లోనే ఉంది. డ్రాకులా రాత్రిళ్లు రక్తం తాగుతున్న లూసీ గదిలో, అతన్ని ఆపడానికి డాక్టర్ వాన్ హెల్సింగ్ వెల్లుల్లి పూలు కట్టించి వెళతాడు. తల్లి గుండె బలహీనమని ఆమెకు ఎవరూ ఏమీ చెప్పరు. రాత్రి ఆమె వచ్చి చూసి, ఈ ఘాటుకి పిల్లకి ఊపిరాడదేమోనని పూలన్నీ తీసేసి కిటికీ కాస్త తెరుస్తుంది. పొద్దున ఆ సంగతి సంతోషంగా చెబుతుంది కూడా. అక్కడ దుర్మార్గం ఎవరిదీ లేదు. ఒకరి జాలి నిజాన్ని దాచింది, ఇంకొకరి ప్రేమ కిటికీ తెరిచింది.

ప్రశ్న: నా కథలో 70 కిలోల తండ్రి, పిశాచిగా మారిన ఆరేళ్ల కూతురికి రోజూ అర లీటరు తన రక్తం తాగిస్తాడు. ఇలా ఆరు నెలలు గడుస్తాయి. ‘నమ్మశక్యంగా లేదు’ అని ఎడిటర్ వెనక్కి పంపారు. ఎన్నాళ్లయితే నమ్ముతారు?
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఎడిటర్ మాటే నిజం. ఆ తండ్రి ఒంట్లో ఉండేది సుమారు 5 లీటర్లు. అర లీటరంటే పదో వంతు. నీరు, ప్లాస్మా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి గనక రక్తం ‘అయిపోయి’ చావడు. తరిగేది ఎర్ర కణాలు. ఎముక మజ్జ మామూలుగా రోజుకు నూటికి ఒక వంతు మించి కొత్తవి తయారుచేయదు. హిమోగ్లోబిన్ 15తో మొదలైతే మూడో రోజుకి 11, అయిదో రోజుకి 9, వారానికి 7 దగ్గరికి వస్తుంది. ఆసుపత్రిలో రక్తం ఎక్కించే అంకె అది. పదో రోజు తర్వాత మీ తండ్రి మెట్లెక్కలేడు, కూతుర్ని ఎత్తుకోలేడు.

రోజుకు 100 మిల్లీలీటర్లకు తగ్గించండి, కథకు రెండు నెలల దాకా దొరుకుతాయి. ఇక్కడ గడువు పెట్టేది ఇనుము. 100 మిల్లీలీటర్లతో దాదాపు 50 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది, తిండి ద్వారా ఒంటబట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. నిల్వ బాగా ఉన్నా ఒక గ్రాము. అంటే మూడు వారాలు బాగానే ఉండి, ఆ తర్వాత దిగజారతాడు. పాఠకుడికి అంకెలు చెప్పకండి, గుర్తులు చూపించండి: కింది కనురెప్ప లోపల తెల్లబడటం, ఆయాసం, డబ్బాలోంచి పచ్చి బియ్యం పిడికెడు తీసి నమలడం. రక్తహీనత ఉన్నవాళ్లు ఇలా నములుతారని మన ఇళ్లలో చాలామందికి తెలుసు, విప్పి చెప్పక్కర్లేదు.

గ్లాసులో పట్టిన రక్తం అయిదు పది నిమిషాల్లో గడ్డకడుతుంది. కాబట్టి అప్పటికప్పుడు తాగించాలి, లేదా బ్లడ్‌బ్యాంకు సంచి కావాలి. 350 మిల్లీలీటర్ల సంచిలో గడ్డకట్టనివ్వని ద్రావణం 49 మిల్లీలీటర్లు ముందే ఉంటుంది. ఫ్రిజ్‌లో 2 నుంచి 6 డిగ్రీల మధ్య 35 రోజులు ఆగుతుంది. లోకం అంతమయ్యాక కరెంటు ఎక్కడిది? ఆ సమస్యలోనే మీకు రెండు మూడు సన్నివేశాలు దొరుకుతాయి. ఒకే మోచేతి నరం పదే పదే పొడిస్తే గట్టిపడి దొరకదు, తండ్రి చేయి మార్చాల్సిందే.

కూతురి ఆకలికి ఓ గడువు కావాలంటే నిజం గబ్బిలాన్ని చూడండి. లాటిన్ అమెరికాలోని రక్తం తాగే గబ్బిలం రెండు మూడు రాత్రులు పస్తుంటే చచ్చిపోతుంది. తల్లి తాగొచ్చిన రక్తాన్ని పిల్ల నోట్లోకి కక్కి బతికిస్తుంది.

ప్రశ్న: చివర్లో తల్లి బాంబుతో సహా పిశాచుల మీదికి దూకుతుంది. చదివినవాళ్లెవరూ కదల్లేదు. లోపమెక్కడ?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బాంబు ఎవరైనా విసరొచ్చు కదా, ఆమే ఎందుకు దూకాలి? ఆమె మాత్రమే చెల్లించగల ధర ఒకటి ఉండాలి, ఆ ధర పిశాచాల నియమాల్లోంచి రావాలి. పన్నెండు సన్నివేశాల కథయితే ఆ నియమం మూడోదానిలోపు ఒకసారి, ఏడో ఎనిమిదో దానిలో ఇంకోసారి, వేరే మనిషికి జరిగినట్టు కనబడాలి. చివర్లో కొత్త నియమం తెస్తే పాఠకుడు మోసపోయాననుకుంటాడు.

రెండో లోపం, మీ కథలో పిల్లవాడు సామానులా ఉన్నాడు. ఎత్తుకెళ్తారు, దాస్తారు, దింపుతారు, అంతే. జర్మన్ సినిమా ‘బ్లడ్ రెడ్ స్కై’ (2021) చూడండి. హైజాక్ అయిన విమానంలో కొడుకు ఇలియాస్‌ని కాపాడటానికి నాడియా, మందుతో అణచిపెట్టుకున్న తన పిశాచత్వాన్ని వదిలేస్తుంది. చివరికి ఆమెలో అమ్మ మిగలదు. విమానాన్ని పేల్చేది ఆ పిల్లాడే. త్యాగం తల్లిది, దాన్ని పూర్తి చేసే చేయి కొడుకుది. అందుకే అది గుచ్చుకుంటుంది.

తల్లిదండ్రులందర్నీ దేవతల్ని చేయకండి. ‘డేబ్రేకర్స్’ సినిమాలో బ్రామ్లీ అనే తండ్రి, మనిషిగానే ఉంటానన్న కూతుర్ని బలవంతంగా పిశాచిగా మార్పిస్తాడు. ఆమె మనిషి రక్తం ముట్టనని మొండికేసి, తన రక్తమే తాగి, వికృతమైపోయి ఎండలో కాలిపోతుంది. ‘నీ మంచికే’ అనే నాన్నలు మనకు కొత్తా?

ప్రశ్న: నెలరోజులు సూర్యుడే కనబడని ఊరి మీద పిశాచులు పడే కథని హైదరాబాద్‌లో పెట్టొచ్చా?
– పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: కుదరదు. అలాస్కా ఉత్తర కొసనున్న బారో (ఇప్పటి పేరు ఉట్కియాగ్విక్) ఊళ్లో సూర్యుడు 65 రోజుల దాకా కనబడడు. హైదరాబాద్‌లో డిసెంబరు 21న కూడా 5:45 ప్రాంతంలో పొద్దు గూకితే 6:40కల్లా మళ్లీ తెల్లారుతుంది, 13 గంటల రాత్రి అంతే. తెలుగు నేల మీద చీకటే కావాలంటే సింగరేణి భూగర్భ గని పట్టుకోండి. కార్మికులు ల్యాంప్ రూమ్‌లో దీపం తీసుకుని దిగుతారు, పైకొచ్చాక తిరిగిస్తారు. కింద ఇంకా ఎవరున్నారో ఆ లెక్కే చెబుతుంది. కింద ఉండాల్సిన నాన్న ఇంటి తలుపు కొడితే, పిల్లలు ముందు చూడాల్సింది ఆ రిజిస్టరే.