ఆ చేతిని ఇంట్లోవాళ్లకు చూపించండి

ప్రశ్న: మాది కడియం దగ్గర ఊరు. నా వయసు 53. ముప్పై ఏళ్లుగా మామిడి, సపోటా అంట్లు కడుతున్నాను. ఇప్పుడు సొంతంగా చిన్న నర్సరీ ఉంది. ఎనిమిదేళ్లుగా షుగరు. కుడి అరచేతిలో ఉంగరపు వేలి కింద గట్టి గడ్డలాంటిది వచ్చింది. రాజమహేంద్రవరంలో చూపిస్తే ‘డుప్యుట్రెన్ కాంట్రాక్చర్’ మొదటి దశ అన్నారు. పూర్తిగా పోగొట్టే మందు లేదట. ఇప్పుడేమీ చేయనక్కర్లేదని, వేలు వంగడం మొదలైతే రమ్మని పంపేశారు. మా నాన్నగారికి చివరి రోజుల్లో రెండు వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయి, అన్నం కూడా సరిగా కలుపుకోలేకపోయేవారు. రాత్రిళ్లు అదే గుర్తొస్తోంది. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం కాబట్టి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెయ్యి కనిపిస్తుందని పని వంకతో భోజనం నర్సరీలోనే కానిచ్చేస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నాన్నగారి అన్నం ముద్ద దగ్గర ఆగిపోయాను. మీ భయమంతా ఆయన చేతి నుంచే వస్తోందని నాకనిపించింది. కాబట్టి ముందు ఆ చేతి గురించే మాట్లాడుకుందాం.

ఆయనకు వచ్చింది ఇదే కావచ్చు, ఎందుకంటే ఇది కొన్ని కుటుంబాల్లో తరతరాలకూ కనిపిస్తుంది. అయితే ఆ రోజుల్లో పార పట్టి పట్టి వేళ్లు బిగుసుకుపోయాయని అనుకుని సరిపెట్టుకునేవారు. వేళ్లు పూర్తిగా ముడుచుకున్నా ఆసుపత్రి మెట్లు ఎక్కినవారు తక్కువ. మీ చేతిలో మాత్రం వేలు ఇంకా నిటారుగా ఉండగానే జబ్బుకు పేరు తెలిసింది. నాన్నగారికి ఈ వ్యవధి దొరికి ఉండదు.

అరచేతి చర్మం కింద గట్టి నారలాంటి పొర ఒకటి ఉంటుంది. అది అక్కడక్కడా మందమై గడ్డ కడుతుంది. కొందరిలో ఆ గడ్డ క్రమంగా తాడులా సాగి వేలిని లోపలికి లాగుతుంది. చాలామందిలో గడ్డ దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోతుంది. ఇది క్యాన్సర్ కాదు, అంటుకునేది కాదు. షుగరు ఉన్నవారిలో కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, కానీ తరచూ తేలికపాటిగానే ఉంటుంది. పారిస్‌లో 1831లో దీనికి శస్త్రచికిత్స చేసి వివరించిన వైద్యుడి పేరే దానికి మిగిలింది. బ్రిటన్ ప్రధానిగా ఉండగానే మార్గరెట్ థాచర్ 1986లో దీని కోసం చేతికి శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఆ తర్వాత నాలుగేళ్లు ఆ పదవిలోనే ఉన్నారు.

మీ పని తెలిసిన మనిషిగా ఇంకొకటి గమనించండి. ఈ జబ్బు ఎక్కువగా పట్టేది ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ. అంటు కత్తిని నడిపేది, కొమ్మను జత చేసి పట్టీ చుట్టేది ముఖ్యంగా బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. మీ అన్నం గిన్నె ఇప్పటికిప్పుడు ప్రమాదంలో లేదు.

‘ఇప్పుడేమీ చేయనక్కర్లేదు’ అన్న మాట మిమ్మల్ని బాగా నొప్పించినట్టుంది. వదిలేశారని అనిపించడం సహజమే. వేలు నిటారుగా ఉన్నప్పుడు కోస్తే కలిసొచ్చేదేమీ లేదు. పైగా కోత గాటు మిగులుతుంది, జబ్బు తిరిగి రావచ్చు. అందుకే ఆగమన్నారు. అంటు కట్టాక అతికిందో లేదోనని పట్టీ రోజూ విప్పి చూడరు కదా. అలాగని మొక్కను మరచిపోరు. ఈ చేతి విషయంలోనూ అంతే.

నెలకొకసారి అరచేతిని బల్లమీద బోర్లా పరచండి. చెయ్యి మొత్తం ఆనితే సరే. అరచేతికీ బల్లకూ మధ్య సందు కనిపించి, వేలు ఆననంటే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. మూడు నెలలకొక ఫోటో తీసుకుంటే పోల్చి చూడటానికి పనికొస్తుంది. సాధారణంగా వేలి మొదటి కణుపు, అంటే వేలు అరచేతిని కలిసే చోటిది, ముప్పై డిగ్రీల దాకా వంగినప్పుడు చికిత్స ఆలోచిస్తారు. మధ్య కణుపు వంగడం మొదలైతే మాత్రం ఆలస్యం చేయకండి, అది బిగుసుకున్నాక సరిచేయడం కష్టం. సూదితో ఆ తాడును తెంచే పద్ధతి, కోసి తీసేసే శస్త్రచికిత్స రెండూ ఉన్నాయి. ఏది మేలన్నది చేతి శస్త్రచికిత్స తెలిసిన డాక్టర్ చెప్పాలి.

గడ్డను నూనెతో గట్టిగా నలిపించుకోవద్దు, వేలిని వెనక్కు విరిచి లాగించుకోవద్దు. అలా చేస్తే జబ్బు ఆగుతుందన్న ఆధారం లేదు. కత్తి పిడికి మెత్తటి గుడ్డ చుట్టుకుంటే గడ్డమీద ఒత్తిడి తగ్గుతుంది. షుగరు అదుపులో పెట్టుకోండి. సిగరెట్, మందు అలవాట్లుంటే తగ్గించండి, ఈ జబ్బుతో వాటికి సంబంధం ఉంది.

ఇక అమ్మాయి సంగతి. తండ్రిగా మీ భయం నాకు అర్థమైంది. కానీ ఈ జబ్బు ఎక్కువగా మగవారికి, అదీ యాభై దాటాక కనిపించేది. పిల్లలందరికీ వస్తుందన్న నియమం లేదు. మీ అరచేతిలోని గడ్డ మీ అమ్మాయి పెళ్లికి అడ్డు రాదు. ఊరంతా చాటాల్సిన పనీ లేదు. అవతలివారు ఎవరైనా అడిగితే ‘వేలి దగ్గర చిన్న గడ్డ, డాక్టర్ గమనిస్తున్నారు’ అంటే చాలు, అది నిజం కూడా.

మీ ఇంటావిడకు చెప్పకపోవడం మాత్రం నాకు నచ్చలేదు, మన్నించండి. ఇన్నేళ్లు మీ కంచంలో వడ్డించిన మనిషికి మీరు ఇంటికి రాకపోవడం తెలియదా? ఏమైందో తెలియక ఆమె దేనికి భయపడుతోందో మీరు ఊహించలేరు. అది మీ గడ్డ కన్నా పెద్ద భయమే అయి ఉండొచ్చు. రాత్రిళ్లు నిద్రపట్టకపోవడం వారాల తరబడి సాగితే మానసిక వైద్యులను కలవడానికీ మొహమాటపడకండి.

రేపు మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్లండి. భోజనం అయ్యాక చెయ్యి చాపి, ఆ గడ్డను ఆమె వేలితో తడిమి చూడనివ్వండి. నొప్పి ఉందా అని తప్పకుండా అడుగుతారు. జవాబు చెప్పండి, నాన్నగారి సంగతి కూడా.