దేవుడు అంతా మొదట్లోనే ఎందుకు చెప్పలేదు?

అమలాపురం వైపు యూత్ మీటింగుల్లో ఇది తరచూ వచ్చే ప్రశ్నే: అబ్రాహాముకే యేసు గురించి పూర్తిగా చెప్పేస్తే సరిపోయేది కదా?

ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వదిలిన రోజే శివారు చేలకు అందవు. దేవుడి మాట కూడా తరాల మీదుగా అలాగే వచ్చింది. అబ్రాహాముకు దొరికింది వాగ్దానం మాత్రమే: భూమి మీది వంశాలన్నీ అతని వల్ల ఆశీర్వాదం పొందుతాయని (ఆదికాండము 12:3). ఎలాగో చెప్పలేదు. "కాలము పరిపూర్ణమైనప్పుడు" కుమారుణ్ని పంపాడని పౌలు రాశాడు (గలతీయులకు 4:4).

నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది పేతురు సంగతి. యేసుతో తిరిగాడు, తిరిగి లేచిన ఆయన్ని చూశాడు, పెంతెకొస్తు రోజు వేలమందికి ప్రసంగించాడు. అయినా ఈ రక్షణ అన్యజనులకూ, అంటే యూదులు కానివాళ్లకూ ఉందని అతనికి అర్థమైంది యొప్పేలో దర్శనం చూసి, కైసరయలో కొర్నేలీ అనే రోమా సైనికాధికారి ఇంట్లో అడుగుపెట్టాకే (అపొస్తలుల కార్యములు 10). "వంశాలన్నీ" అన్న పాత మాటకు అర్థం అక్కడ విప్పుకుంది. చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి గానీ ఇప్పుడు మీరు సహించలేరని యేసు శిష్యులతో ముందే అన్నాడు (యోహాను 16:12).

అలాగని యేసు రెండో రాకడకు తేదీలు లెక్కగట్టకండి. కాలాలు, సమయాలు తెలుసుకోవడం మీ పని కాదని ఆయనే సూటిగా చెప్పాడు (అపొస్తలుల కార్యములు 1:7).