పెళ్ళి ఫోటోల్లో అందరి ముఖాలూ పసుపుగా వచ్చాయి. ఫోటోషాప్‌లో ఎలా సరిచేయాలి?

"లెవెల్స్‌లో గ్రే డ్రాపర్ తీసుకుని ఏదైనా తెల్లటి వస్తువు మీద నొక్కండి" అని మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. లెవెల్స్ అంటే ఫోటోషాప్‌లో వెలుగూ రంగూ దిద్దే పెట్టె, గ్రే డ్రాపర్ అందులో ఉండే మూడు డ్రాపర్లలో మధ్యది. నేనూ ఆ మాట నమ్మే మునిగాను. తెలుగువాళ్ళ పెళ్ళిలో తెల్లటి వస్తువు ఎక్కడుంటుందండీ?

మా పిన్ని కూతురి పెళ్ళి తణుకు దగ్గర పల్లెటూళ్ళో, రాత్రి ముహూర్తం. స్టూడియో వాళ్ళు ఎలాగూ ఉన్నారు, అయినా కొత్త కెమెరా కొన్న మోజులో నేనూ దిగాను. పందిట్లో పాతకాలపు ఫోకస్ లైట్లు. వాటి వెలుగు 3200 కెల్విన్ దగ్గర ఉంటుంది, పగటి వెలుగు 5500 దాకా. కెల్విన్ అంటే వెలుగు రంగుకి కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు. కెమెరాని పగటి సెట్టింగులోనే వదిలేశాను. తప్పు నాదే.

ఇంటికొచ్చి చెల్లి కట్టుకున్న మధుపర్కం చీర మీద డ్రాపర్ నొక్కాను, తెల్లచీరే కదా అని. దాన్ని పసుపు నీళ్ళలో ముంచి ఆరేసింది మా పిన్నే, నేనే చూశాను, గుర్తుంటేగా! ఆ డ్రాపర్‌కి తెలివితేటలేమీ ఉండవు. నొక్కిన చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సమానం కావాలంటుంది, అంతే. చీరలో ఉన్న పసుపుని కొట్టేయడానికి ఫోటో మొత్తానికి నీలం పులిమింది. పిన్ని వెనక నుంచి తొంగిచూసి, "ఒరేయ్, పిల్లకి కృష్ణుడి వేషం వేశావేంట్రా!" అంది.

తలంబ్రాలు చూస్తే పసుపు కలిపిన బియ్యం. పంతులుగారి పంచె మీద నొక్కాను. అది నీలిమందు పెట్టి ఉతికింది, ముఖాల్లో పసుపు సగం అలాగే ఉండిపోయింది. చివరికి పనికొచ్చింది పీటల పక్కన కూర్చున్న మా తాతయ్య తల. నెరిసిన జుట్టులో మెరుపు లేని చోట నొక్కేసరికి మల్లెలు మల్లెల్లా, మనుషులు మనుషుల్లా కుదురుకున్నారు. ఏ పుస్తకంలో ఉందని అడక్కండి. అప్పటి నుంచి ఎవరి పెళ్ళి ఫోటోలు చేతికొచ్చినా ముందు నెరిసిన తల కోసమే వెతుకుతాను. డ్రాపర్ నొక్కడానికని ఫోటోలో పెట్టే బూడిదరంగు అట్టలు, గ్రే కార్డులు, అమ్ముతారు, నిజమే. జీలకర్ర బెల్లం పెట్టే వేళ పెళ్ళికూతురి ముఖం ముందు అట్టముక్క పట్టుకుంటానంటే మీ ఇంట్లో ఊరుకుంటారేమో గానీ మా ఇంట్లో ఊరుకోరు.

మీవి రా ఫైళ్ళైతే (కెమెరా కుదించకుండా దాచే ముడి ఫోటోలు) ఇదంతా అక్కర్లేదు, వాటిని తెరిచే కెమెరా రా అనే పెట్టెలో టెంపరేచర్ స్లైడర్‌ని ఎడమకి జరుపుకుంటూ పోండి. 14 బిట్ల రా ఫైల్లో ఒక్కో రంగుకి 16,384 మెట్లుంటాయి, జేపెగ్‌లో 256. నావి జేపెగ్‌లే, దిద్దాక నీడల్లో వచ్చిన గరుకు ఇప్పటికీ పోలేదు. జేపెగ్‌లైతే అసలు ఫోటోని ముట్టుకోకుండా అడ్జస్ట్‌మెంట్ లేయర్ మీద (ఫోటో పైన పరిచే దిద్దుబాటు పొర) చేసి, ఎక్కువైతే ఆ పొర ఒపాసిటీ, అంటే గాఢత, తగ్గించండి. అన్నట్టు లాప్‌టాప్‌లో రాత్రిపూట తెరని పసుపుగా మార్చే నైట్ లైట్ ఆపారా? నేను ఒక రాత్రంతా అది ఆన్‌లో ఉండగానే దిద్ది, తెల్లారి మళ్ళీ మొదలుపెట్టాను.

నన్ను అడిగితే పసుపు పోగొట్టడం పెద్ద కష్టమేం కాదు. రంగు కుదిరాక ఇంట్లోవాళ్ళని ఆపడమే కష్టం. మా చెల్లిది చామనఛాయ, ఫోటోలో చక్కగా అదే వచ్చింది. బాబాయి చూసి, "అంతా బానే ఉంది గానీ, కొంచెం తెల్లగా చెయ్యరాదట్రా" అన్నాడు. చెయ్యనన్నాను. ఆయన ఆ ఫోటోలు పట్టుకెళ్ళి ఆల్బం వేసేవాళ్ళకిచ్చాడు. వాళ్ళు ముఖం ఒక్కటే తెల్లగా తోమి, చేతులు మర్చిపోయారు. అక్షింతలు వేయించుకుంటున్న ఫోటోలో ముఖం చెల్లిది, చేతులు వెనక కూర్చున్న ఎవరివో అన్నట్టుంటుంది. అదే పెద్ద సైజులో ప్రింటు వేయించి హాల్లో తగిలించారు.