ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు

ప్రభువునందు ప్రియమైన అబ్బాయికి,

దేవరకొండ నుంచి పెదనాన్న వందనాలు. నీ ఉత్తరం శనివారం అందింది. మందిరం స్లాబుకు వసూలైన డబ్బుకు లెక్క చూపించమని అడిగినందుకు ఒక కుటుంబాన్ని ప్రభువు బల్లకు, అంటే ప్రభువు జ్ఞాపకంగా రొట్టె పంచుకునే ఆరాధనకు, దూరం పెట్టాలని మీ కాపరి అయ్యగారు కాగితం రాయించారని, సంఘపెద్దల్లో నీ సంతకం ఒక్కటే మిగిలిందని రాశావు. దైవజనుడికి ఎదురు చెబితే దేవుడికి ఎదురు చెప్పినట్టేనా అని అడిగావు. కాదు నాయనా. సంతకం పెట్టకు.

ముందు నా సంగతి విను. ముప్పై ఏళ్ళ కిందట నేనూ అలాంటి కాగితం మీద సంతకం చేశాను. మా సంఘంలో భర్త పోయిన ఒక ఆడబిడ్డ, ఇద్దరు పిల్లల తల్లి, మళ్ళీ పెళ్ళి చేసుకుంది. చేసుకున్నవాడు బాప్తిస్మం పొందిన విశ్వాసే. అప్పటి మా కాపరి చూపిన సంబంధాన్ని కాదనడమే ఆమె చేసిన నేరం. ఐదుగురు పెద్దల్లో ముగ్గురం సంతకాలు చేశాం, ఇద్దరు వేలిముద్రలు వేశారు. తర్వాతి నెల మొదటి ఆదివారం బల్ల ఆరాధనకు ఆమె వచ్చింది. లోపలికి రాలేదు. మందిరం బయట వేపచెట్టు కింద చిన్నదాన్ని చంకన వేసుకుని నిలబడింది. రొట్టె పళ్ళెం పట్టుకుని వరుసల వెంట నడిచింది నేనే. చివరి వరుస దగ్గరికి వచ్చేసరికి తలుపులోంచి ఎదురుగా కనిపించింది. చేయి చాపలేదు. కొంగు తల మీదికి లాక్కుని తల దించుకుంది. పళ్ళెంలో ముక్కలు ఇంకా మిగిలి ఉన్నాయి. నేను వెనక్కి తిరిగి బల్ల దగ్గరికి నడిచాను.

కొన్నేళ్ళ తర్వాత ఒక తెల్లవారుజామున మొదటి కొరింథీ పత్రిక ఏడో అధ్యాయం చదువుతూ 39వ వచనం దగ్గర ఆగిపోయాను. భర్త చనిపోతే ఆమె తనకు ఇష్టమైనవాణ్ని చేసుకోవడానికి స్వతంత్రురాలు, అయితే ప్రభువునందు మాత్రమే చేసుకోవాలని పౌలు రాశాడు. ఎన్నిసార్లు చదివిన అధ్యాయమో అది! అక్కడే 25వ వచనంలో, కన్యకల విషయంలో తనకు ప్రభువు ఆజ్ఞ లేదని, తన అభిప్రాయం మాత్రం చెబుతున్నానని ఒప్పుకుంటాడు. అపొస్తలుడే తన అభిప్రాయానికీ ప్రభువు ఆజ్ఞకూ నడుమ గీత గీసుకున్నాడు. మా కాపరి గీసుకోలేదు, గీయమని మేమూ అడగలేదు. అప్పటికే ఆ కుటుంబం ఊరు విడిచి వలస పోయింది. క్షమించమని అడగడానికి ఆమె నాకు మళ్ళీ కనిపించలేదు.

కాపరికి అధికారం లేదని నేను అనను. ఉంది. తనకు ప్రభువు ఇచ్చిన అధికారం కట్టడానికే గాని పడగొట్టడానికి కాదని పౌలు రెండో కొరింథీ పత్రికలో రెండుసార్లు రాశాడు, పదో అధ్యాయంలో ఒకసారి, పదమూడులో మరోసారి. అదే పత్రిక మొదటి అధ్యాయం చివర, మీ విశ్వాసం మీద మేము ప్రభువులం కాము, మీ ఆనందానికి సహకారులం అంటాడు. కాపరి వాక్యం చెప్పాలి, తప్పు చేస్తే గద్దించాలి, మంద కోసం కన్నీళ్ళు పెట్టాలి. వాక్యం చెప్పని చోట తన మాటనే వాక్యంగా నిలబెట్టే హక్కు మాత్రం ఆయనకు లేదు.

నువ్వు కాదంటే ఆయన నీ ముందు పెట్టే వచనాలు రెండున్నాయి. ఒకటి హెబ్రీ పత్రిక 13:17, నాయకుల మాట విని లోబడి ఉండమన్నది. దాన్ని సగం చదివి ఆపనివ్వకు. ఆ నాయకులు లెక్క ఒప్పజెప్పవలసినవారని అదే వచనం చెబుతోంది. లెక్క అడిగినవాళ్ళ నోరు మూయించడానికి ఆ మాటను ఎలా వాడతారు? రెండోది 105వ కీర్తనలో అభిషేకించినవారిని ముట్టకూడదన్నది. ఆ కీర్తనను పైనుంచి చదువు. అక్కడ అభిషిక్తులు అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల ఇంటివాళ్ళు. సొంత నేల లేక రాజ్యం నుంచి రాజ్యానికి తిరిగిన కొద్దిమంది పరదేశులు. దేవుడు గద్దించింది వాళ్ళను ముట్టబోయిన రాజులను. బలవంతుల చేతిలోంచి బలహీనులను కాపాడిన మాట అది. దాన్ని తిప్పి పేదవాళ్ళ మీదికి ఎక్కుపెట్టడం చూస్తే నాకు కడుపు రగులుతుంది. తనను చంపాలని వెంటాడిన అభిషిక్త రాజు సౌలు మీద దావీదు చేయి వేయలేదు, నిజమే. కానీ గుహలోంచి బయటికి వచ్చి, నువ్వు చేస్తున్నది అన్యాయమని వినపడేలా చెప్పాడు.

శాపం తగులుతుందని కూడా నిన్ను భయపెట్టారట. అంతియొకయలో పేతురు తప్పు చేసినప్పుడు పౌలు ముఖాముఖిగా ఎదిరించాడని గలతీ రెండో అధ్యాయంలో ఉంది. పౌలుకు ఏ శాపమూ తగల్లేదు.

ఈ భయం మనకు ఎక్కడి నుంచి వచ్చిందో చాలాకాలం ఆలోచించాను. మీ ముత్తాత గడి ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచినవాడు, దొర పొలంలో వెట్టి చేసినవాడు. 1946లో ఈ నల్గొండ జిల్లాలో జనం తిరగబడ్డాక దొరల గడీలు ఖాళీ అయ్యాయి, కానీ చేతులు కట్టుకుని నిలబడే అలవాటు మన ఒంట్లో ఉండిపోయింది. ఖాళీ అయిన ఆ కుర్చీలో మనమే కాపరిని కూర్చోబెట్టాం. అన్యజనుల అధికారులు వాళ్ళ మీద పెత్తనం చేస్తారు, మీలో అలా ఉండకూడదు అని ప్రభువు శిష్యులతో చెప్పింది సరిగ్గా దీని గురించే. రోమా శతాధిపతి కొర్నేలి తన కాళ్ళ మీద పడితే పేతురు అతణ్ని లేవనెత్తి, ‘నేను కూడ నరుడనే’ అన్నాడు.

ఇక వెలివేయడం. కొరింథులో ఒకణ్ని తొలగించమని పౌలు రాసిన మాట వాస్తవం. అక్కడ పాపం అందరికీ తెలిసినది, తండ్రి భార్యను ఉంచుకున్నాడు. తీర్పు కూడా సంఘమంతా కూడివచ్చినప్పుడు జరగాలన్నాడు, ఒక్కరి ఇంట్లో రాసిన కాగితంతో కాదు. లెక్క అడగడం పాపమని ఏ పత్రికలోనూ లేదు. యెరూషలేము పేదల కోసం పోగైన కానుకను పౌలు ఒంటరిగా మోసుకుపోలేదు. ఎవరూ తన మీద తప్పు మోపకుండా, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ని వెంట పెట్టుకున్నాడు. రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయం, 19 నుంచి 21 వరకు చదువు. తనకు నచ్చనివాళ్ళను సంఘంలోంచి వెళ్ళగొట్టినవాడు ఒకడున్నాడు, మూడో యోహాను పత్రికలో దియొత్రెఫే. అందరిలో ప్రధానుడుగా ఉండాలని కోరేవాడని యోహాను అతని గురించి రాశాడు, వచ్చినప్పుడు అతని పనులు బయటపెడతానని కూడా అన్నాడు.

ఇప్పుడు నువ్వు చేయవలసింది. ముందు ఒక్కడివే వెళ్ళు. మత్తయి 18లో ఆ క్రమం ఉంది, కాపరి కూడా నీకు సహోదరుడే. ఆదివారం వద్దు, నలుగురిలో వద్దు. పొద్దుగూకాక వెళ్ళి అమ్మగారికి వందనం చెప్పి కూర్చో. డబ్బు తిన్నారని అనకు, ఆ సంగతి నీకు తెలియదు. పెద్ద మీద నిందను ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే అంగీకరించాలని తిమోతికి పౌలు రాసిన మాట నీకూ వర్తిస్తుంది. “అయ్యగారూ, పౌలే సాక్షుల్ని పెట్టుకున్నాడు. రసీదులు, వసూళ్ళ పుస్తకం అందరి ముందు పెడదాం. అది మీకే కాపుదల” అని చెప్పు. సంతకం పెట్టలేనని కూడా ఆ రాత్రే, ఆయన కళ్ళలోకి చూస్తూ చెప్పు. వినకపోతే ఒకరిద్దర్ని తీసుకుని మళ్ళీ వెళ్ళు. అప్పటికీ వినకపోతేనే సంఘం ముందు పెట్టు. ఫోన్ గ్రూపుల్లో ఒక్క ముక్క కూడా రాయకు.

ఇంకో మాట, ఇది మీ పెద్దల మీదిది. పత్తి డబ్బు రాలేదని మొన్న వానాకాలం నుంచి కాపరికి జీతం సరిగా ఇవ్వలేదని నువ్వే రాశావు. పనివాడు జీతానికి పాత్రుడని కూడా వాక్యమే చెబుతోంది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున స్లాబు డబ్బులోంచి కొంత వాడి ఉంటే, ఆ సిగ్గుతోనే ఆయన ఇంత కోపంగా ఉన్నారేమో. అడిగి తెలుసుకో. అదే నిజమైతే బాకీ జీతం ముందు చెల్లించండి, లెక్క దానంతట అదే తేలుతుంది. లెక్క లేకుండా పోయిందంటే దాన్ని కప్పిపుచ్చవద్దు.

ఈ ఆదివారం బల్ల ఆరాధన ఉందన్నావు. ఆ కుటుంబం ఎక్కడ కూర్చుంటే నువ్వూ కోడలూ వెళ్ళి వాళ్ళ పక్కనే కూర్చోండి. వాళ్ళు బయట నిలబడితే మీరూ బయటే నిలబడండి. అయ్యగారితో మాట్లాడి వచ్చిన రాత్రి ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను.

మీ పెదనాన్న