నాన్న వదిలిన రెక్కలు

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. నేను ఒంగోలులో టీచరును. మా నాన్న పొగాకు రైతు. విమానాల పిచ్చితో విదేశం నుంచి నక్షా తెప్పించుకుని, పీటెన్‌పోల్ అనే చిన్న విమానానికి చెక్క రెక్కలు కట్టడం మొదలుపెట్టారు. 2004లో నా పెళ్లికి రెండెకరాలు అమ్మిన తరువాత ఆ పని ఆపేశారు. ఒక రెక్కకు గుడ్డ కప్పారు, రెండోది అస్థిపంజరంలా ఉండిపోయింది. రెండూ పొగాకు ఆరబెట్టే పాత బ్యారన్‌లో వేలాడుతున్నాయి. మిచాంగ్ తుపానుకు బ్యారన్ పైరేకులు లేచిపోయి వాటి మీద వాన పడింది. నాన్న పోయాక తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి ఆ రెక్కలు బాగుచేస్తున్నాడు. మానేస్తున్నట్టు మరదలికి ముందుగా చెప్పలేదు. ఆమె పాపను తీసుకుని కావలిలో పుట్టింటికి వెళ్లిపోయింది. అమ్మ పొగాకు వేలంలో వచ్చిన డబ్బు చాటుగా వాడికి ఇస్తోంది. నేను వద్దంటే, "నీ పెళ్లి వల్లే నాన్న ఆపేశాడు" అన్నాడు. వాడు దాన్ని ఎగరేస్తాడేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. వాడు ఊళ్లో లేని రోజు చూసి వడ్రంగిని పిలిచి రెక్కలు తీయించేద్దామనుకుంటున్నాను. తప్పంటారా?

జవాబు: తప్పేనమ్మా. దయచేసి ఆ పని చేయకండి. రెక్కలు పోయినా నక్షా ఉంటుంది, చేతిలో పని ఉంటుంది. అతను మళ్లీ చెక్క తెప్పించుకుంటాడు. "నాడు నీ పెళ్లి ఆపింది, నేడు నువ్వే ఆపావు" అని జీవితాంతం అనడానికి అతనికి ఒక కారణం మిగులుతుంది. ఇప్పుడు అతను అన్న మాట అన్యాయం. మీరు ఆ పని చేస్తే అది కొంత నిజమవుతుంది.

అతని మాట మీకు బాగా గుచ్చుకుందని తెలుస్తూనే ఉంది. పొలం అమ్మాలనుకున్నది మీ నాన్నగారు. పని ఆపాలనుకున్నదీ ఆయనే. ఆ తరువాత కూడా ఆయన రెక్కలను పారేయలేదు, ఎవరికీ ఇవ్వలేదు. కూతురి పెళ్లిని భారంగా చూశారనడానికి మీరు రాసినదాంట్లో ఒక్క ఆధారమూ లేదు. ఈ సంగతి తమ్ముడితో అమ్మ ఎదుటే మాట్లాడండి. ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరిగిందో ఆమె కళ్లారా చూశారు. మీ ఇద్దరికీ తెలియనిది ఆమెకు తెలిసి ఉంటుంది.

నాన్నగారి అభిరుచిని మీరు పిచ్చి అన్నారు. ఆ మాట తమ్ముడి దగ్గర వాడకండి. ఆ విమానాన్ని రూపొందించిన బెర్నార్డ్ పీటెన్‌పోల్ అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాడు. స్వయంగా పని నేర్చుకున్న మెకానిక్. ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజను బిగించి 1929లో దాన్ని ఎగరేశాడు. చేతిపని వచ్చిన సామాన్యులు ఇంట్లో కట్టుకోవడానికే గీసిన నక్షా అది. చేతిపని తెలిసిన రైతు దాన్ని ఎంచుకోవడంలో వింత లేదు.

మీ భయం మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనది. చెక్క రెక్కలో బరువంతా మోసేది స్పార్ అనే పొడవాటి దూలం. దానికి అడ్డంగా పక్కటెముకల్లా వరుసగా రిబ్‌లు అనే సన్నటి చెక్కలు ఉంటాయి. వీటిని కలిపి ఉంచేదాంట్లో జిగురుది పెద్ద పాత్ర. మీ నాన్నగారు ఏ జిగురు వాడారో తమ్ముడికి తెలుసా? పాల నుంచి తీసే కేసీన్ జిగురైతే తడికి బూజు పట్టి చచ్చుబడుతుంది. యూరియా రకం జిగురైతే వేడికీ తేమకూ ఏళ్ల మీద పెళుసెక్కుతుంది. రెక్కలు వేలాడిన కాలంలో ఆ బ్యారన్‌లో ఎప్పుడైనా పొగాకు క్యూరింగ్, అంటే వేడి పెట్టి ఆరబెట్టడం, చేశారేమో అమ్మను అడగండి. కాడ ఆరే దశలో లోపలి వేడి 70 డిగ్రీల దాకా వెళుతుందని పొగాకు ఇంట్లో పుట్టిన మీకు చెప్పనక్కర లేదు. అంత వేడి తిన్న అతుకును నమ్మకూడదు.

అన్నిటికంటే నాకు అనుమానం గుడ్డ కప్పిన రెక్క మీద. పైకి అదే పూర్తయినట్టు కనిపిస్తుంది కాబట్టి రంగు వేస్తే చాలనిపిస్తుంది. తుపాను నీళ్లు లోపలికి దిగి వెనుక అంచున నిలిచి ఉంటే చెక్క అక్కడే మెత్తబడుతుంది. మేకుల చుట్టూ, బోల్టుల చుట్టూ నల్లటి మరకలు ఉంటాయి. చెద లోపలే తిరిగి ఉండవచ్చు. స్పార్ మీద నారకు అడ్డంగా వెంట్రుకంత గీత ఉన్నా అది చెక్క నలిగిపోయిన గుర్తు. ఇవేవీ గుడ్డ తీయకుండా కనిపించవు. అందుకని, గుడ్డ మొత్తం తీసి చూడమని తమ్ముణ్ని అడగండి. తీసేటప్పుడు మీరు పక్కన ఉండండి. ఒక రిబ్‌ను బలి ఇచ్చి, అతుకు దగ్గర విరిచి చూడమనండి. విరిగిన చోట చెక్క నార చీలి వస్తే జిగురు ఇంకా పట్టు మీద ఉన్నట్టు. జిగురు పొర నున్నగా ఊడివస్తే ఆ కాలంలో వేసిన అతుకులన్నీ అనుమానించవలసినవే. నిజంగా పని తెలిసినవాడైతే ఈ పరీక్షకు ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే అది మనం గట్టిగా మాట్లాడవలసిన సంగతి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ మరమ్మతుల కోసం ఇచ్చిన ఏసీ 43.13-1బీ అనే పుస్తకంలో మొదటి అధ్యాయమే చెక్క పని గురించి. అది అతని దగ్గర ఉందో లేదో అడగండి. కోపంతో అడగకండి, నేర్చుకోవడానికి అడగండి.

బాగుచేయడం వేరు, ఎగరడం వేరు. ఈ రెండింటినీ మీ ఇంట్లో ఎవరూ విడదీయలేదు, సగం గొడవ అక్కడిదే. మన దేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్, ఎగిరే అనుమతి, నడిపేవారికి లైసెన్సు లేకుండా విమానం ఎగరేయడం నేరం. ముంబైలో ఇంటి మేడ మీద విమానం కట్టిన అమోల్ యాదవ్‌కు 2017లో రిజిస్ట్రేషన్ వచ్చింది. దానికి ముందు ఆయన ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆయన స్వయంగా పైలట్ కూడా. మీ తమ్ముడి దగ్గర ఉన్నవి రెండు రెక్కలే. ఇంజను లేదు, లైసెన్సు ఉందని మీరు రాయలేదు. అర్హత ఉన్న ఇంజనీరు చూసి సంతకం పెట్టేదాకా ఎగరనని, పొలం గట్ల మీద పరుగు పరీక్షలు కూడా చేయనని అతని చేత అమ్మ ముందు మాట తీసుకోండి. ఈ ఒక్క విషయంలో మెత్తబడవద్దు.

మరదలి విషయంలో నేను పూర్తిగా ఆమె పక్షం. చెప్పకుండా ఉద్యోగం మానేయడం ఆమెకు జరిగిన అవమానం. రెక్కలు లేకపోయినా అది అవమానమే. ఆడపడుచుగా మీరు కావలి వెళ్లి "సర్దుకుపో" అనకండి. ఆమె చెప్పేది వినండి, చాలు. క్షమాపణ అడగవలసినది మీ తమ్ముడు. నెలకు ఇంటికి ఎంత తెస్తాడో, రెక్కలకు ఎంత వాడతాడో చెప్పవలసినదీ అతనే. అమ్మ ఇచ్చే డబ్బు కూడా ఆ లెక్కలోకి రావాలి. ఆమె ఇవ్వకూడదని నేను అనను. చాటుగా ఇవ్వడమే ఈ ఇంటిని రెండు వర్గాలు చేస్తోంది.

ఇంకొక్కటి. తండ్రి పోయిన తరువాత మనిషి పనిలో తలదాచుకోవడం సహజం. కానీ అతను తిండి మానేస్తున్నా, నెలల తరబడి నిద్రపోకపోయినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా రెక్కల సంగతి పక్కన పెట్టి ఒంగోలులో మానసిక వైద్యుణ్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416 నంబరుకు ఎప్పుడు ఫోను చేసినా తెలుగులో మాట్లాడతారు. మీకు నిద్ర పట్టడం లేదన్నారు కాబట్టి ఆ నంబరు మీకు కూడా.

వచ్చే సెలవు రోజున బ్యారన్‌కు వెళ్లండి. వడ్రంగి లేకుండా, ఒంటరిగా వెళ్లండి. ఏ రెక్క ముందు విప్పుతాడో తమ్ముణ్నే చెప్పనివ్వండి.