నాన్న బెంజి లారీకి ఇంకో నాలుగు లక్షలు అప్పు చేయాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాకు 46 ఏళ్లు. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, చేతికి 58 వేలు వస్తుంది. ఇంటి ఖర్చు 35 వేలు, చీటీకి 10 వేలు (2 లక్షల చీటీ, ఇంకా పాడలేదు, ఆరు నెలలుంది). మా నాన్న 1968 మోడల్ టాటా మెర్సిడెస్ బెంజ్ లారీలో కడప బండలు మద్రాసుకు, బెంగళూరుకు తోలేవారు. ఆయన పోయాక లారీ జమ్మలమడుగు దగ్గర మా చేలో నిలబడిపోయింది. రెండున్నర లక్షల్లో బాగుచేయిద్దామని మొదలుపెడితే ఇప్పటికే 4.6 లక్షలైంది. అందులో 2.8 లక్షలు ఎఫ్‌డీలోంచి తీశాను, 1.8 లక్షలు మా ఆవిడ నగల మీద గోల్డ్ లోన్, 12 శాతం వడ్డీ. మేస్త్రి ఇంకో 4 లక్షలు కావాలంటున్నాడు. పర్సనల్ లోన్ తీసుకోవాలా, పీఎఫ్ తీయాలా, చీటీ పాడుకోవాలా? ఎఫ్‌డీలో 3.2 లక్షలు, పీఎఫ్‌లో 9 లక్షలు ఉన్నాయి. పాప ఇంటర్ సెకండియర్. బెంగళూరులో ఉన్న తమ్ముడు పాత ఇనుముకు అమ్మేయమంటున్నాడు.

జవాబు: మూడూ వద్దు. అలాగని పాత ఇనుముకు అమ్మేయమని కూడా నేను చెప్పను. ఆ లారీ మీ ఇంటిని నిలబెట్టిన బండి, దాన్ని మళ్లీ నడిచేలా చూడాలనుకోవడంలో తప్పేమీ లేదు. పైగా అది మామూలు పాత లారీ కాదు. టాటా వాళ్ల టెల్కో కంపెనీ, జర్మనీ డైమ్లర్-బెంజ్ కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేసింది 1954 నుంచి 1969 వరకే, ఆ తర్వాత వచ్చిన టాటా బండ్ల మీద బెంజి నక్షత్రం లేదు. ముందు జాలీ మీద నక్షత్రంతో సహా మిగిలిన లారీ అంటే దాచుకోదగ్గదే. కాబట్టి లారీ ఉండాలా వద్దా అన్నది కాదు ఇక్కడి సమస్య. ఈ పని ఎక్కడికొస్తే పూర్తయినట్టో మీరు గానీ మేస్త్రి గానీ ఎవరూ ఇప్పటిదాకా అనుకోలేదు, ఖర్చు పెరగడానికి కారణం అదొక్కటే.

మీరు పంపిన చిట్టా చూశాను. చేలోంచి షెడ్డుకు తేవడానికి క్రేను, ట్రాలీ కలిపి 35 వేలు. క్యాబిన్‌కు 1.6 లక్షలు. ఛాసీ, కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు), కింగ్ పిన్నులకు (ముందు చక్రాలు పక్కకు తిరిగేందుకు ఉండే పిన్నులు) 95 వేలు. వైరింగు, లైట్లు, అద్దాలకు 50 వేలు. రేడియేటరు, డీజిల్ ట్యాంకుకు 30 వేలు. షెడ్డు అద్దె, దినకూలీ కలిసి 90 వేలు. వీటిలో అనవసరమని తీసి పక్కన పెట్టగలిగింది ఒక్కటీ లేదు, చిక్కంతా అక్కడే. మొదట మీరు అనుకున్నది క్యాబిన్‌కు టింకరింగు, పెయింటు, ఇంజన్ స్టార్టు అయితే చాలని. తలుపు రేకు విప్పితే లోపల చెక్క ఫ్రేము చెద పట్టి చేతికి పొడిగా రాలిందని రాశారు. చెక్క మార్చాలంటే క్యాబిన్ దింపాలి. క్యాబిన్ దిగాక ఛాసీ తుప్పు కనపడింది. ఎట్లాగూ విప్పినాం కదా అని కమాన్లు, కమాన్లు విప్పినాం కదా అని కింగ్ పిన్నులు, క్యాబిన్ మళ్లీ ఎక్కించేలోపే అయిపోతుంది కదా అని వైరింగు. ఇప్పుడు అదే మాట మీద ఇంజన్‌కు 90 వేలు, ఏడు టైర్లకు 1.3 లక్షలు, కొత్త చెక్క బాడీకి 1.4 లక్షలు, పెయింటుకూ రాతలకూ 40 వేలు. మేస్త్రి మిమ్మల్ని మోసం చేస్తున్నాడని నాకు అనిపించడం లేదు. పాత బండి విప్పేకొద్దీ పని చూపిస్తుంది, చూపించిన ప్రతి పనీ అప్పటికే పెట్టిన మొత్తం పక్కన చిన్నదిగానే కనిపిస్తుంది. అట్లా చిన్నవి చిన్నవి కలిసే రెండున్నర కాస్తా ఎనిమిదిన్నర దాటుతోంది.

‘ఇంత పెట్టాక ఇప్పుడు ఆపితే 4.6 లక్షలు నీళ్లపాలే కదా’ అని మీ ఉత్తరంలో రెండు చోట్ల రాశారు. ఆ డబ్బు వెళ్లిపోయింది, మీరు ఇంకో నాలుగు లక్షలు పెట్టినా అది తిరిగి రాదు, ఆపినా తిరిగి రాదు. అందుకే దాన్ని లెక్కలోంచి తీసేసి చూడండి. ఈ రోజు చేతిలో 4 లక్షలుంటే, ఈ ఇంటి పరిస్థితిలో, ఈ లారీ మీదే పెడతారా? పాప ఇంజనీరింగు ఫీజు ముందు పెట్టుకుని ఈ మాటకు జవాబు చెప్పుకోండి.

పని ఎక్కడికొస్తే చాలు అన్నది తేల్చుకునే ముందు ఒక సంగతి తెలియాలి. మేస్త్రి మీకు ‘వింటేజ్ నంబరు వస్తుంది, సినిమా షూటింగులకు, పెళ్లిళ్లకు అద్దెకిచ్చుకోవచ్చు’ అన్నాడట. కేంద్రం 2021 జులైలో వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చిన మాట నిజమే. 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు, ఫీజు 20 వేలు, పదేళ్ల గడువు. కానీ ఆ నిబంధనలు టూవీలర్లకు, ఫోర్‌వీలర్లకు. మీది ఆరు టైర్ల గూడ్స్ బండి. పైగా ఆ నంబరు వచ్చిన బండిని రోజువారీ వాడకానికి గానీ వ్యాపారానికి గానీ రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, డీజిల్ కొట్టించుకోడానికి, రిపేరుకు తీసుకెళ్లొచ్చు అంతే. ఇంకోటి, ఛాసీ, బాడీ, ఇంజన్ మూలరూపంలోనే ఉండాలి. పాత ఇంజన్ సిలిండర్లు బోరు చేయించి బాగుచేసే బదులు తర్వాతి మోడల్ టాటా ఇంజన్ దించుకుంటే సులువని మేస్త్రి అంటున్నాడు కదా, అది చేశారంటే ఆ తలుపు మీ చేతులతో మీరే మూసుకున్నట్టు. కాబట్టి అద్దె ఆదాయాన్ని లెక్కలో సున్నా అని రాసుకోండి. ఈ బండికి ఏ రిజిస్ట్రేషన్ సాధ్యమో ఆర్టీఏ ఆఫీసులో కాగితం రాసిచ్చి, జవాబు కాగితం మీదే తీసుకోండి. నాన్నగారి పేరు మీద పాత క్వార్టర్లీ ట్యాక్స్ బకాయి ఉందేమో కూడా అక్కడే తెలుస్తుంది. బండి తిరగడం లేదని అప్పట్లో రాసివ్వకపోతే ట్యాక్సు, దాని మీద పెనాల్టీ పడి ఉండొచ్చు, ఆ మొత్తం మీ చిట్టాలో ఎక్కడా లేదు.

గూడ్స్ బండిగానే మళ్లీ రోడ్డెక్కించాలంటే ఏటేటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్సు, ట్యాక్సు తప్పవు, పాతబడేకొద్దీ ఎఫ్‌సీ ఫీజూ ఎక్కువే. ఒక్కసారి పెట్టే ఖర్చు వేరు, ఏటా తినే ఖర్చు వేరు. నన్నడిగితే మీ గమ్యం ఇది: క్యాబిన్ నాన్నగారి కాలంలో ఉన్నట్టు ఉండాలి, ఇంజన్ స్టార్టు కావాలి, మీ చేలో బండి ముందుకూ వెనక్కూ కదలాలి. రోడ్డు సంగతి తర్వాత. ఇది ఒక కాగితం మీద రాసి మీరు, మీ ఆవిడ, మేస్త్రి ముగ్గురూ చూసుకోండి.

ఇక మీరడిగిన అప్పుల సంగతి. పర్సనల్ లోన్ 4 లక్షలు, 14 శాతం, నాలుగేళ్లు అనుకుంటే నెలకు దాదాపు 10,930 కిస్తీ, మొత్తం కట్టేది 5.25 లక్షల దాకా. మీకు నెలకు మిగిలేదే 13 వేలు, అందులో 1,800 గోల్డ్ లోన్ వడ్డీకే పోతోంది. పాప కాలేజీలో చేరే ఏడు ఇంట్లో ఒక్కరికి జ్వరం వచ్చినా మళ్లీ నగలే తాకట్టు పెట్టాల్సిన పరిస్థితి ఇది. పీఎఫ్ అయితే అప్పు కాదు కదా అనిపిస్తుంది, కానీ 2024-25కి ఇచ్చిన వడ్డీ 8.25 శాతం, అదే రేటు కొనసాగితే ఈ రోజు తీసే 3 లక్షలు మీకు 58 ఏళ్లు వచ్చేసరికి దాదాపు 7.75 లక్షలు. రిటైరయ్యాక మీకు జీతం ఉండదు, లారీ జీతం ఇవ్వదు. చీటీ ఇప్పుడు పాడితే తోపుడు (పాటలో వదులుకునే మొత్తం) పోను చేతికొచ్చేది తక్కువ, ఆరు నెలలు ఆగితే ఆ తగ్గింపు ఉండదు, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగు సమయానికి అక్కరకొస్తుంది. అది పాప డబ్బు అనుకోండి. (ఆ చీటీ రిజిస్టరైన కంపెనీదో, ఊళ్లో నమ్మకం మీద నడిచేదో రాయలేదు. రెండోదైతే రసీదులు జాగ్రత్త.)

ముందు చేయాల్సింది నగలు విడిపించడం. ఎఫ్‌డీలో ఉన్న 3.2 లక్షల్లో 2.1 లక్షలు, అంటే ఆరు నెలల ఇంటి ఖర్చు, కదిలించొద్దు. మిగతా 1.1 లక్షలు తీసి గోల్డ్ లోన్‌కు కట్టేయండి, ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీ కంటే అక్కడ కట్టేది ఎక్కువ. మిగిలిన 70 వేలకు నెలకు 13 వేలు కడితే ఆరు నెలల్లో తాకట్టు తీరుతుంది. అప్పటికి చీటీ కూడా అయిపోతుంది కాబట్టి నెలకు 23 వేలు మీ చేతిలో ఉంటాయి. అందులో 10 వేలు లారీకి, విడిగా ఒక ఖాతాలో వేయండి, 13 వేలు పాప చదువుకు. ఏడాదిలో లారీ ఖాతాలో 1.2 లక్షలు, అంటే ఇంజన్ పని అప్పు లేకుండా అయిపోతుంది, ఊహించనిదేదైనా బయటపడితే సర్దుకోడానికి 30 వేలు మిగులుతుంది కూడా. ఆ ఖాతాలో ఉన్నంతే లారీది. మేస్త్రి ఇంకేదైనా చూపిస్తే కాదనక్కర్లేదు, ‘ఖాతాలో పడ్డాక చేద్దాం’ అనండి.

ఈ ఆరు నెలలు పని ఆపాలి, కానీ ఉన్నఫళంగా ఆపడం ప్రమాదం. విప్పేసిన స్థితిలో వదిలేస్తే సామాన్లు ఒక్కొక్కటే కనపడకుండా పోతాయి, తీరా బిగించేటప్పుడు పోయినవాటికి మళ్లీ డబ్బు. అందుకే దసరా బోనసు వస్తుందన్నారు కదా, దాంట్లోంచే ఈ కాస్త పని చేయించండి: గీకిన రేకు ప్రతి చోటా ప్రైమరు పడాలి, లేకపోతే మొదటి వానకే తుప్పు తిరిగొస్తుంది. క్యాబిన్ ఛాసీ మీద బోల్టులతో కూర్చోవాలి. ఇంజన్ నోళ్లన్నీ మూయాలి. మైకో పంపు (ఇంజన్‌కు డీజిల్ కొట్టే పంపు), నాజిళ్లు, డైనమో లాంటివి పేర్లు రాసిన సంచుల్లో మీ ఇంటికి చేరాలి, షెడ్డులో వద్దు. తర్వాత బండిని మీ చేలోకి తెచ్చి రేకుల పంచ కింద దిమ్మెల మీద నిలబెట్టండి. తేవడానికి మళ్లీ ట్రాలీ ఖర్చు అవుతుంది నిజమే, కానీ షెడ్డు అద్దె ఆగుతుంది, దినకూలీ ఆగుతుంది, ఈ రెండే ఇప్పటికి 90 వేలు తిన్నాయి.

టైర్లు అన్నింటికంటే చివర కొనండి. 900-20 సైజు టైర్లు దొరకవేమోనని మేస్త్రి తొందరపెడుతున్నట్టున్నాడు, పాత లారీలకు ఇప్పటికీ వాడుతున్న సైజే అది. ఈ రోజు 1.3 లక్షలు పోసి కొంటే బండి కదలక ముందే ఎండకు రబ్బరు పగుళ్లు పడుతుంది. బ్యాటరీ కూడా అంతే. చేలో కదలడానికి సగం అరిగిన టైర్లు చాలు. చెక్క బాడీ ఈ గమ్యానికి అవసరమే లేదు, పాత పలకల్లో బాగున్నవి ఉంచి, రాత కోసం వెనక తలుపు ఒక్కటి చేయించుకోండి. నాన్నగారు రాయించిన మాటలు ఫోటోలో ఉన్నాయన్నారు కదా, అవే రాయించండి.

మళ్లీ పని మొదలయ్యాక దినకూలీ వద్దు. పనికి ఇంత అని మాట్లాడుకోండి. ఇంజన్ పని అంటే ఏమేం కలిసి ఉన్నాయో, బోరు, క్రాంకు లేత్ పని, పంపు పని, గాస్కెట్లు, అన్నీ రాసుకోండి. సామాను బిల్లు మీ పేరుతో ఉండాలి, తీసేసిన పాతది మీకు చూపించాలి. మంచి మేస్త్రికి దీంతో ఇబ్బంది ఉండదు, అతనికీ డబ్బు సమయానికి అందుతుంది.

తమ్ముడి విషయం తేలిగ్గా తీసుకోకండి. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే ఆ లారీలో అమ్మకూ తమ్ముడికీ భాగం ఉంది. మీరు డబ్బు పోసి బాగుచేశాక విలువ పెరిగితే అప్పుడు వచ్చే గొడవ ఇప్పటి మాటకంటే పెద్దది. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి, అమ్మ, తమ్ముడు అభ్యంతరం లేదని రాసిచ్చాక ఆర్సీ మీ పేరుకు మార్పించుకోండి. పాత ఇనుముగా ఈ రోజు ఎంత వస్తుందో ఇద్దరూ కలిసి ధర కనుక్కుని, అందులో తమ్ముడి వాటా అతనికిచ్చేస్తే మాట రాదు. ఇంజన్ మీద మొదటి రూపాయి పెట్టే ముందే ఈ కాగితాలు పూర్తి కావాలి, ఈ ఆరు నెలల విరామం దానికి సరిపోతుంది.